హాస్టల్లో పిల్లాడు చనిపోయాడు, యూనివర్సిటీ వాళ్లు సంతకం అడుగుతున్నారు, ఏం చేయాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మా అక్క కొడుకు బీటెక్ థర్డ్ ఇయర్, ప్రైవేట్ యూనివర్సిటీ హాస్టల్లో పోయిన నెల చనిపోయాడు. సీరియస్‌గా ఉంది వెంటనే రండి అని ఫోన్ చేశారు, మేం వెళ్లేసరికి మార్చురీలో ఉన్నాడు. ఆత్మహత్య అంటున్నారు. రూమ్ ఖాళీ చేసేసి సామాన్లు అట్టపెట్టెల్లో పెట్టి ఇచ్చారు. ఇప్పుడు టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు కావాలంటే నో డ్యూస్ అంటున్నారు. మానవతా దృక్పథంతో కొంత డబ్బు ఇస్తాం, యాజమాన్యం మీద మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు అని సంతకం పెట్టండి అంటున్నారు. బావ విసిగిపోయి పెట్టేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?"

ముందు ఒకటే మాట అండీ, ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టొద్దు. బావగారికి కూడా అదే చెప్పండి. పెట్టను అని గొడవ పడక్కర్లేదు, "ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం, కాగితం కాపీ ఇవ్వండి" అనండి చాలు. కాపీ ఇవ్వం, ఇక్కడే చదివి పెట్టండి అన్నారంటే ఆ కాగితం ఎవరి మేలు కోసం రాశారో మీకే అర్థమైపోతుంది.

నేను ఒక యూనివర్సిటీ స్టూడెంట్ అఫైర్స్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఇలాంటి ఫైళ్లు నా టేబుల్ మీద నుంచే వెళ్లేవి. రిటైర్ అయ్యాక తెలిసిన కుటుంబాలకి తోడుగా స్టేషన్లకీ ఆఫీసులకీ తిరుగుతున్నాను, కాబట్టి లోపల ఎలా ఉంటుందో బయట ఎలా ఉంటుందో రెండూ చెప్పగలను. లాయర్ని మాత్రం కాదు, కేసు దాకా వెళ్తే లాయర్ని పెట్టుకోవాల్సిందే.

ఆ కాగితం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు నలుగుతున్నది అదే. మీ బావ సంతకం పెట్టినా క్రిమినల్ కేసు చట్టప్రకారం ఆగిపోదు, డబ్బు తీసుకుని కేసు నొక్కేసే ఒప్పందం చెల్లదు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 కింద అలాంటివి కోర్టులు ఒప్పుకోవు. కానీ వాళ్లకి ఆ కాగితం కోర్టు కోసం కాదు. అది స్టేషన్‌కి వెళ్తుంది, కేసు డైరీలో చేరుతుంది, "కుటుంబ సభ్యులకి ఎవరి మీదా అనుమానం లేదు" అనే ఒక్క ముక్కతో ఫైలు మూసేస్తారు. మార్చురీ దగ్గర పంచనామా రాసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది, తల్లీ తండ్రీ సోయిలో ఉండరు, ఎవరో బంధువు చేత స్టేట్‌మెంట్ రాయిస్తారు, చివర్లో ఈ వాక్యం చేరుతుంది, చదివి వినిపించకుండానే సంతకం అయిపోతుంది. మీ కేసులో అది ఇప్పటికే జరిగి ఉంటే కంగారు పడకండి. "ఆ రోజు మేం మాట్లాడే స్థితిలో లేం, ఇప్పుడు మాకు ఈ ఈ అనుమానాలు ఉన్నాయి" అని మీ బావ పేరు మీద ఇంకో రాతపూర్వక ఫిర్యాదు ఎస్‌హెచ్ఓకి, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి, ఇవ్వొచ్చు. రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు దాచండి.

ఇక యూనివర్సిటీ వాళ్లు ఎందుకు ఇలా చేస్తారు అన్నది. వాళ్లంతా రాక్షసులని నేను అనను, నాతో పనిచేసిన వార్డెన్లలో పిల్లలు చనిపోతే వారాల తరబడి నిద్రపోనివాళ్లు ఉన్నారు. కానీ కబురు తెలిసిన గంటలో లోపల జరిగేది ఏంటంటే, వార్డెన్ చీఫ్ వార్డెన్‌కి, ఆయన రిజిస్ట్రార్‌కి, రిజిస్ట్రార్ మేనేజ్‌మెంట్‌కి, మేనేజ్‌మెంట్ లీగల్ అడ్వైజర్‌కి ఫోన్ చేస్తారు, అక్కడి నుంచి తిరిగి కిందకి వచ్చే మొదటి ఆర్డర్ "ఎవరూ ఏమీ మాట్లాడొద్దు". అంతే, ఆ క్షణం నుంచి ఆ పిల్లాడి గురించి తెలిసిన ప్రతి మనిషీ నోరు మూసుకుంటాడు. పాఠం చెప్పిన మేడం మాట్లాడదు, రోజూ టిఫిన్ పెట్టిన మెస్ అతను మాట్లాడడు, పక్క రూమ్ పిల్లలకి ఉన్నట్టుండి సెలవులు ఇచ్చి ఇళ్లకి పంపేస్తారు. తల్లిదండ్రులు వచ్చాక గెస్ట్ హౌస్‌లో కూర్చోబెట్టి టీ ఇస్తారు, ఇద్దరు మనుషులు పక్కనే ఉంటారు, చాలా మర్యాదగా ఉంటారు, కానీ వీళ్లు ఏం మాట్లాడుతున్నారు, ఎవరికి ఫోన్ చేస్తున్నారు అన్నది పైకి చేరుతూ ఉంటుంది. నిన్నటిదాకా "మా యూనివర్సిటీ ఫ్యామిలీ" అని పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పినవాళ్లు, పిల్లాడు పోయిన రోజు నుంచి ఆ తల్లిదండ్రుల్ని రేపు కేసు వేయబోయే పార్టీలా చూడటం మొదలుపెడతారు. నాకు ఇన్నేళ్లలో అన్నిటికంటే కష్టం అనిపించింది అదే.

ఎందుకంటే ఆ తల్లిదండ్రులు వచ్చేది డబ్బు కోసం కాదు. నేను చూసిన ఏ తల్లీ మొదట డబ్బు మాట ఎత్తలేదు. "రాత్రి అన్నం తిన్నాడా? ఎవరితో మాట్లాడాడు? ఎవరు ముందు చూశారు? అప్పటికి ప్రాణం ఉందా? ఆసుపత్రికి ఎంతసేపట్లో తీసుకెళ్లారు?" ఇవే అడుగుతారు. ఆ చివరి రోజు ఏం జరిగిందో గంట గంటకీ తెలుసుకోవాలి వాళ్లకి. ఆ జవాబు యూనివర్సిటీ దగ్గర ఉంటుంది, చాలావరకు మొదటి రోజే ఉంటుంది. అది చెప్పడం వాళ్ల బాధ్యత, దయ కాదు. మీరు మిగతావన్నీ పక్కన పెట్టి దీని మీదే గట్టిగా పట్టుబట్టండి, ఆ సంతకం కాగితం అడ్డుపడేది కూడా దీనికే.

సీరియస్‌గా ఉంది రండి అన్నారు కదా, దాని గురించి కూడా చెప్తాను. దూరం నుంచి బండి వేసుకుని వచ్చే తల్లిదండ్రులకి దారిలో ఏమైనా అవుతుందని అలా చెప్తారు, కొంతవరకు మంచి ఉద్దేశమే. కానీ సరైన పద్ధతి వేరే ఉంది, ఇంట్లో మేనమామదో బాబాయిదో నంబర్ కనుక్కుని అతనికి నిజం చెప్పాలి, తల్లిదండ్రుల పక్కన మనిషి ఉన్నాక వాళ్లకి చెప్పించాలి. మీకు ముఖ్యమైంది ఏంటంటే ఫోన్ వచ్చిన టైమ్, ఆసుపత్రిలో డాక్టర్ చనిపోయినట్టు రాసిన టైమ్, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ అక్కగారి ఫోన్లో కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ ఈరోజే తీసి పెట్టండి. అలాగే మీ బావ ఫోన్లో యూనివర్సిటీ నుంచి వచ్చిన మెసేజ్‌లన్నీ డిలీట్ కాకుండా దాచండి, ఎందుకంటే రేపు "అటెండెన్స్ తగ్గిందని పేరెంట్స్‌కి ఎప్పుడో చెప్పాం, వాళ్లే పట్టించుకోలేదు" అనే మాట తప్పకుండా వస్తుంది, నిజంగా చెప్పారా లేదా అన్నది ఆ ఫోనే చెప్పాలి.

సీసీ కెమెరాల సంగతి ఆలస్యం చేయొద్దు. ఎక్కువ చోట్ల రికార్డింగ్ కొన్ని వారాల్లోనే దాని మీద అదే చెరిగి కొత్తది ఎక్కిపోతుంది. నెల అయింది అంటున్నారు, అయినా సరే ఈరోజే రిజిస్ట్రార్‌కి ఒక లెటర్, స్టేషన్‌కి ఒక లెటర్ పంపండి, హాస్టల్ కారిడార్, గేటు, మెస్ కెమెరాల రికార్డింగ్, బయోమెట్రిక్ లేదా అవుటింగ్ రిజిస్టర్, ఆ రాత్రి డ్యూటీ సెక్యూరిటీ వాళ్ల రిజిస్టర్, అంబులెన్స్ లాగ్ బుక్, క్యాంపస్ హెల్త్ సెంటర్ ఎంట్రీ, ఇవన్నీ భద్రపరచమని రాయండి. ఇచ్చినా ఇవ్వకపోయినా అడిగిన తేదీ కాగితం మీద ఉండాలి. తర్వాత "చెరిగిపోయింది" అంటే, మేం ఫలానా తేదీన అడిగాం అని మీరు చూపించగలగాలి. ఫోన్, ల్యాప్‌టాప్ మీ దగ్గరికే వచ్చేసి ఉంటే మొబైల్ షాపులో లాక్ తీయించొద్దు, లోపల ఉన్నది రేపు సాక్ష్యం కావొచ్చు, పోలీసులకి ఇచ్చి సీజర్ పంచనామా (స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితం) కాపీ తీసుకోండి. ఇక రూమ్ ఎవరు తెరిచారు, పోలీసులు వచ్చి చూశాకే ఖాళీ చేశారా, ముందే చేశారా అన్నది రాతపూర్వకంగా అడగాల్సిన మొదటి ప్రశ్న. సామాన్లు అట్టపెట్టెల్లో పెట్టి చేతికివ్వడం తప్పనే నా ఉద్దేశం. ఆ బట్టలు, ఆ నోట్‌బుక్కులు తల్లి తన చేత్తో సర్దుకోవాలి, కనీసం ఆవిడని అడగాలి.

పోలీసుల వైపు. అనుమానాస్పద మృతి కేసు ఇదివరకు సీఆర్‌పీసీ అనే పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సెక్షన్ 174 కింద కట్టేవారు, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం సెక్షన్ 194 కింద. ఎఫ్ఐఆర్ చాలాసార్లు వార్డెన్ ఫిర్యాదు మీద కడతారు, అప్పుడు ఫిర్యాదుదారు యూనివర్సిటీ మనిషి అవుతాడు, అందులో "మానసిక ఒత్తిడితో" అనో "వ్యక్తిగత కారణాలతో" అనో వాళ్ల మాటే ఉంటుంది. ఆ ఎఫ్ఐఆర్ ముందు చదవండి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్లో దొరకొచ్చు. పోస్టుమార్టం రిపోర్టు, పంచనామా కాపీ స్టేషన్లో అప్లికేషన్ పెట్టి తీసుకోండి. విసెరా (విషం లాంటివి ఉన్నాయేమో చూడటానికి పోస్టుమార్టంలో తీసే లోపలి అవయవాల నమూనాలు) ల్యాబ్‌కి పంపి ఉంటే ఆ రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది, అది రాకుండానే ముగించేశాం అంటే ఒప్పుకోవద్దు. మీ ఫిర్యాదు ఎస్సై తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173(4) కింద ఎస్పీకి పంపండి, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్ కోర్టు, ఇక్కడ లాయర్ అవసరం.

అంతా అయిపోయింది, ఇప్పుడు ఏం వస్తుంది అని మీ ఊళ్లో పెద్దలు అంటూ ఉంటారు కదా, వాళ్లకి ఖరగ్‌పూర్ సంగతి చెప్పండి. 2022 అక్టోబర్లో ఖరగ్‌పూర్ ఐఐటీ హాస్టల్లో అస్సాం నుంచి వచ్చిన మూడో సంవత్సరం కుర్రాడు చనిపోయాడు, ఆత్మహత్య అన్నారు. తల్లిదండ్రులు నమ్మలేదు, కలకత్తా హైకోర్టుకి వెళ్లారు. కోర్టు నియమించిన ఫోరెన్సిక్ నిపుణుడు మొదటి పోస్టుమార్టంలో లోపాలు చూపించాడు, 2023 మేలో దిబ్రూగఢ్‌లో పూడ్చిన శరీరాన్ని బయటికి తీసి కోల్‌కతాలో రెండోసారి పోస్టుమార్టం చేయించారు, ఇది హత్యలా ఉంది అని రిపోర్టు వచ్చింది, ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు. కన్నబిడ్డ శరీరాన్ని ఏడు నెలల తర్వాత మట్టిలోంచి తీయించుకోవాల్సి వచ్చిన తల్లి పరిస్థితి ఆలోచించండి. మీ కేసులో హత్య అని నేను అనడం లేదు, అలా ఊహించుకోవద్దు కూడా. మొదటి రోజు ఎవరో పెట్టిన పేరే చివరి మాట కానక్కర్లేదు అని చెప్పడానికే ఈ కేసు చెప్పాను.

మన దగ్గరే వైజాగ్ కేసు ఉంది. 2023 జూలైలో అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి చదువుకుంటోంది, హాస్టల్ బిల్డింగ్ మీద నుంచి పడి ఆసుపత్రిలో చనిపోయింది. తండ్రికి స్థానిక దర్యాప్తు మీద నమ్మకం కుదరలేదు. ఏపీ హైకోర్టు సీబీఐకి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు, 2025 జూలై 25న సుప్రీంకోర్టు కేసు సీబీఐకి ఇచ్చింది, అంతటితో ఆగకుండా దేశంలో అన్ని విద్యాసంస్థలకీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది, వంద మంది లేక అంతకంటే ఎక్కువ విద్యార్థులు ఉన్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి అన్నది అందులోదే. మీ వాడి యూనివర్సిటీలో కౌన్సెలర్ ఎవరు, ఎప్పటి నుంచి ఉన్నారు, మనవాడు ఎప్పుడైనా వెళ్లాడా అని మీరు అడగడానికి ఇది ఆధారం.

దీనికంటే మీకు ఎక్కువ పనికొచ్చేది 2025 మార్చి 24 తీర్పు. ఢిల్లీ ఐఐటీలో 2023లో ఇద్దరు విద్యార్థులు చనిపోయారు, కుటుంబాలు ఎఫ్ఐఆర్ కట్టమని అడిగితే పోలీసులు కట్టలేదు, ఢిల్లీ హైకోర్టూ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ బెంచ్ ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయమంది, క్యాంపస్‌లో ఇలాంటిది జరిగితే వెంటనే ఎఫ్ఐఆర్ పెట్టించడం విద్యాసంస్థ బాధ్యత అని స్పష్టంగా చెప్పింది, విద్యార్థుల ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్ ఫోర్స్ కూడా వేసింది. మీరు రాసే ప్రతి లెటర్లో ఈ తీర్పు తేదీ రాయండి. లీగల్ అడ్వైజర్లు చదివే భాష అదే, "ఈ కుటుంబానికి తెలుసు" అనిపిస్తే మాట తీరు మారుతుంది, ఇది నేను లోపల కూర్చుని చూసిన విషయం.

సర్టిఫికెట్ల విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీలని చూసే కేంద్ర సంస్థ) 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చనిపోయిన పిల్లాడి టెన్త్ మెమో కోసం తండ్రిని లైబ్రరీ డ్యూస్, ల్యాబ్ డ్యూస్ అని కౌంటర్ల చుట్టూ తిప్పడం, దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు, ఆ సంతకాలన్నీ లోపల ఒక అటెండర్ ఒక పూటలో తిరిగి తేగలడు. రిజిస్ట్రార్‌కి మెయిల్ పెట్టండి, యూజీసీకి కాపీ పెట్టండి. హాస్టల్ ఫీజు మిగిలినది, మెస్ అడ్వాన్స్, కాషన్ డిపాజిట్ లెక్క కట్టి వాపసు ఇమ్మని అదే మెయిల్లో అడగండి, ఇవి మీ డబ్బులు, మానవతా సాయం కింద కలిపేసి ఇస్తే ఊరుకోవద్దు. స్కాలర్‌షిప్, స్టైపెండ్ బాకీ ఉన్నా అంతే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్బై అయిదు వేలు రావాలి, అది మా ఇంటివాళ్లకి అందేలా చూడండి అని రాశాడు. పోతూ పోతూ ఒక కుర్రాడు అది రాయాల్సి వచ్చిందంటే ఆ ఆఫీసుల్లో కూర్చునే మేమందరం తలదించుకోవాలి. వాళ్ల అమ్మ రాధిక గారు ఆ తర్వాత ఆగలేదు, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ వాళ్ల అమ్మతో కలిసి 2019లో సుప్రీంకోర్టుకి వెళ్లారు, క్యాంపస్‌లలో కులవివక్ష ఆపమని.

ఫీజుతో పాటు ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టించుకున్నారేమో రసీదులు చూడండి, గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ అయితే ఆత్మహత్యకి సాధారణంగా రాదు, కానీ కారణం ఇంకా తేలలేదు కాబట్టి క్లెయిమ్ సమాచారం ముందే ఇచ్చి పెట్టండి. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే బ్యాంక్‌కి వెళ్లి లోన్‌తో పాటు లైఫ్ కవర్ తీసుకున్నారా అని అడగండి, చాలామంది తండ్రులకి అది ఉన్నట్టే తెలియదు, తెలియక కొడుకు లోన్ ఈఎంఐలు కడుతూ ఉంటారు. డెత్ సర్టిఫికెట్ మీ ఊళ్లో రాదు, చనిపోయిన చోటి మున్సిపాలిటీ లేక పంచాయతీలో వస్తుంది. ఆసుపత్రిలో అయితే ఆసుపత్రి వాళ్లు, హాస్టల్లోనే అయితే ఆ హాస్టల్ ఇన్‌ఛార్జి రిజిస్ట్రేషన్‌కి సమాచారం ఇవ్వాలి, 1969 చట్టం అలాగే చెప్తోంది, 21 రోజుల్లో అవ్వాలి. అయిందో లేదో కనుక్కోండి.

నష్టపరిహారం దావా గురించి ఒకటి గుర్తుపెట్టుకోండి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని 1855 ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద తల్లిదండ్రులు దావా వేయొచ్చు, గడువు చనిపోయిన తేదీ నుంచి రెండేళ్లు. పోలీసు కేసు తేలాక చూద్దాంలే అనుకుంటే ఈ గడువు దాటిపోతుంది. బియాస్ నది ఘటన గుర్తుండే ఉంటుంది, 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది టూర్‌కి వెళ్లి హిమాచల్‌లో లార్జి డ్యాం నీళ్లు వదిలితే కొట్టుకుపోయారు. తల్లిదండ్రులు ఆ ఒడ్డునే రోజుల తరబడి కూర్చున్నారు. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమంది, అందులో విద్యుత్ బోర్డు 60 శాతం, కాలేజీ 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం. మాకేం సంబంధం, నీళ్లు వదిలింది డ్యాం వాళ్లు అనడానికి కాలేజీకి వీల్లేకుండా పోయింది.

ర్యాగింగ్ అనుమానం ఉంటే వేరుగా 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, మన రెండు రాష్ట్రాల్లోనూ 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. నమోదు చేసి ఊరుకోవద్దు కానీ. నాగార్జున యూనివర్సిటీలో 2015 జూలైలో రిషితేశ్వరి చనిపోయినప్పుడు రాష్ట్రమంతా కదిలింది, ప్రభుత్వం కమిటీ వేసింది, చివరికి తొమ్మిదేళ్ల తర్వాత 2024లో గుంటూరు కోర్టు కేసు కొట్టేసింది, ఆ తల్లిదండ్రులు కోర్టు బయట ఏడ్చారు. కమిటీ రిపోర్టు వేరు, కోర్టులో నిలబడే సాక్ష్యం వేరు. అందుకే మొదటి వారాల కాగితాల మీద ఇంత చెప్తున్నాను.

యూనివర్సిటీ ఎంక్వైరీ కమిటీ వేశాం అంటే సంతోషపడి ఇంటికి రాకండి. కమిటీలో ఎవరున్నారు, బయటి మనిషి ఒక్కరైనా ఉన్నారా, మా మాట వింటారా, రిపోర్టు మాకు ఇస్తారా, ఎప్పటికి ఇస్తారు, ఈ ప్రశ్నలు రాసి పంపండి. అదే హెచ్ఓడీ, అదే చీఫ్ వార్డెన్ కూర్చుని తమ మీద తామే ఎంక్వైరీ చేసుకుంటే ఏం తేలుతుంది. గవర్నమెంట్ యూనివర్సిటీ అయితే ఆర్టీఐ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి, దర్యాప్తులో ఉంది కాబట్టి ఇవ్వం అని ఊరికే అంటే సరిపోదు, ఇస్తే దర్యాప్తుకి ఎలా అడ్డమో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే అంది. మీది ప్రైవేట్ కాబట్టి నేరుగా కుదరకపోవచ్చు, యూజీసీకీ రాష్ట్ర ఉన్నత విద్యా మండలికీ ఫిర్యాదు పెట్టి, దాని మీద ఏం చర్య తీసుకున్నారని వాళ్లకి ఆర్టీఐ పెట్టండి.

ఇది మన దేశంలోనే అని కాదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివే అమ్మాయి 2018 ఏప్రిల్లో చనిపోయింది. నలుగురిలో మాట్లాడాలంటే తీవ్రమైన భయం ఆ పిల్లకి, అది డిపార్ట్‌మెంట్‌కి తెలుసు, అయినా నోటితో ప్రజెంటేషన్ ఇచ్చే పరీక్ష తప్పనిసరి చేశారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్తే 2022లో యూనివర్సిటీది వివక్ష అని తీర్పు వచ్చింది, యూనివర్సిటీ ఊరుకోలేదు, అప్పీలుకి వెళ్లింది, 2024 ఫిబ్రవరిలో హైకోర్టులోనూ తల్లిదండ్రులే గెలిచారు. దాదాపు ఆరేళ్లు. వాళ్లు కోర్టు కేసుతోనే ఆగకుండా, విద్యార్థుల పట్ల యూనివర్సిటీకి చట్టబద్ధమైన బాధ్యత ఉండాలని మిగతా కుటుంబాలతో కలిసి పార్లమెంటులో చర్చ దాకా తీసుకెళ్లారు. 2025లో ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో ఇలాంటి మరణాల మీద వచ్చిన జాతీయ సమీక్షలో కూడా, కుటుంబాన్ని విచారణలో కలుపుకోవాలి, జరిగింది దాచకుండా చెప్పడం యూనివర్సిటీ విధి కావాలి అనే సూచించారు. చూడండి, ప్రపంచంలో ఏ మూల తల్లిదండ్రులైనా అడిగేది ఇదే.

బాగా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. సియాటిల్‌లో 2023 జనవరిలో పోలీసు కారు గుద్ది చనిపోయిన మన ఆదోని అమ్మాయి జాహ్నవి కందులకి డిగ్రీ ఇచ్చి కుటుంబానికి అందజేస్తామని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ ప్రకటించింది. పట్టా వస్తే పిల్ల తిరిగిరాదు, కానీ ఈ అమ్మాయి మాది, మా దగ్గర చదివింది అని ఒప్పుకోవడం అది. మన దగ్గర చాలాచోట్ల మర్నాటి అటెండెన్స్ లిస్టులో పేరు కొట్టేసి ఊరుకుంటారు, ఫీజు డ్యూ మెసేజ్ మాత్రం ఆటోమేటిక్‌గా తండ్రి ఫోన్‌కి వస్తూనే ఉంటుంది, దాన్ని ఆపాలని ఎవరికీ తట్టదు. ఇదేమంత పెద్ద పని? ఒక్క మనిషిని కుటుంబానికి కేటాయించాలి, అతని నంబర్ ఇవ్వాలి, అన్ని సెక్షన్ల పనీ అతనే చేసిపెట్టాలి, వీసీయో రిజిస్ట్రారో ఇంటికి వెళ్లి కూర్చోవాలి, వాళ్లు తిడితే తిట్టించుకోవాలి, తెలిసింది చెప్పాలి, తెలియనిది కనుక్కుని ఫలానా తేదీకి చెప్తామనాలి. పోలీసులు తేల్చకముందే ప్రేమ వ్యవహారమనో బ్యాక్‌లాగ్స్ అనో పేపర్లకి చెప్పకూడదు. పైసా ఖర్చు లేదు వీటిలో దేనికీ.

మీ ఇంటి సంగతి కొంచెం. బావగారు సంతకం పెట్టేద్దాం అంటున్నారంటే ఆయన్ని తప్పుపట్టకండి, ఆయన అలిసిపోయారు, ఆ ఆఫీసు గడప ఇంకోసారి తొక్కలేకపోతున్నారు. అందుకే ఆయన్ని పంపకండి, మేనమామగా మీరు వెళ్లండి, ఆయన చేత ఒక ఆథరైజేషన్ లెటర్ రాయించుకుని మాట్లాడే మనిషి మీరే అని వాళ్లకి మెయిల్ పెట్టండి, ఫోన్లన్నీ మీకే రావాలి. ఒంటరిగా వెళ్లొద్దు, ఇంకొకర్ని తోడు తీసుకెళ్లండి, ప్రతి మీటింగ్ అయ్యాక ఈరోజు మీరు ఇలా చెప్పారు అని అదే సాయంత్రం మెయిల్ చేయండి. రూమ్మేట్ల మీద మాత్రం కోపం పెట్టుకోవద్దు, వాళ్లూ ఇరవై ఏళ్ల పిల్లలే, భయపడి ఉన్నారు, మీవాడిని ముందు చూసింది వాళ్లలో ఎవరో అయితే ఆ పిల్లాడు ఎంత నలిగిపోతున్నాడో. మీ అక్క చేత ఒక్కసారి ఫోన్ చేయించండి, ఏమీ అడగకుండా బాగున్నావా నాన్నా అని మాత్రం. ఆఫీసులో ఎవరూ చెప్పని సంగతులు తర్వాత ఎప్పుడో వాళ్లే చెప్తారు, నేను చూశాను.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ లెక్క. అన్ని ఇళ్లలోనూ వెనక మిగిలినవాళ్లు ఉన్నారు. మీ అక్క అన్నం మానేసినా, ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉండి మాట్లాడటం తగ్గించినా, అందరూ తల్లి చుట్టూ ఉంటారు, ఆ రెండో బిడ్డని ఎవరూ చూడరు, మీరు చూడండి. అలాంటప్పుడు ఫోన్ చేయాల్సింది టెలీ మానస్ 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, ఏ టైమ్‌లో అయినా చేయొచ్చు, డబ్బులు ఉండవు.

ఇప్పుడు ఈ వారం చేయాల్సింది, రిజిస్ట్రార్‌కి భద్రపరచమనే లెటర్, స్టేషన్లో మీ బావ పేరుతో ఫిర్యాదు, పోస్టుమార్టం కాపీకి అప్లికేషన్, ఈ మూడు. రిజిస్ట్రార్ లెటర్ మీరే రాయండి, నా పదాలు వద్దు, మీ పదాల్లో ఉంటేనే బాగుంటుంది. రాశాక పేర్లు, ఊరు, యూనివర్సిటీ పేరు తీసేసి ఇక్కడే కింద పెట్టండి, ఏమైనా తప్పిపోతే రాత్రికల్లా చూసి చెప్తాను.